లస్కరు పనిగంటలు

తొంభైల చివర్లో మా రాష్ట్ర ప్రభుత్వ ఖజానా ఖాళీ అయింది. నాయకుడు మంత్రుల్ని పక్కన పెట్టి, నలుగురు సలహాదారుల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కరూ ఓటు అడిగినవాళ్ళు కాదు, కాలవలో కాలు పెట్టినవాళ్ళు అసలే కాదు. ఏ శాఖ ఉండాలో, ఏ పోస్టు ఊడాలో వాళ్ళే తేల్చేవారు. మంత్రులు పేపర్లో చదివి తెలుసుకునేవారు.

నేనప్పుడు రామచంద్రపురం దగ్గర నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాని. ఒక ఉదయం ఆ నలుగురిలో ఒకాయన మా లాకుల దగ్గర కారు దిగాడు. తెల్ల బూట్లు, చేతిలో సీసా నీళ్ళు. గోదావరి కాలవ గట్టున నిలబడి సీసా నీళ్ళు తాగిన మహానుభావుణ్ణి అప్పుడే చూశాను.

కాలవ తలుపులు ఎత్తి దించే మా లస్కరు పదకొండేళ్ళుగా రోజుకూలీ. పెద్దాయన కంట్లో పడితే పర్మినెంటు అవుతుందని అతని ఆశ. ముందురోజే కాలవలో పేరుకున్న గుర్రపుడెక్క అంతా లాగేశాడు. నీటిమట్టం సరిగ్గా గీత మీద నిలబెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గట్టున కూర్చున్నాడు. అదే అతని కొంప ముంచింది.

"రోజంతా ఏం చేస్తావు?" అన్నాడు సలహాదారు.

"నీళ్ళు చూస్తుంటానండి."

"చూడ్డానికి జీతమా!" అని ఆయన నవ్వాడు. వెనక మా ఇంజనీర్లు నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

వారం తిరక్కుండా ఒక ఫారం వచ్చింది. ఎవరు రోజుకెన్ని గంటలు పనిచేస్తారో రాయాలి. తలుపులు తిప్పడానికి గడి ఉంది, చెత్త లాగడానికి గడి ఉంది. నీటి రంగు చూసి ఎగువ వానను పసిగట్టడానికి, గట్టు చెమ్మగిల్లితే గండి పడకముందే పరిగెత్తడానికి ఏ గడీ లేదు. ఆ తెలివిమంతులకు తట్టలేదు. నాకు తెలుసు. పక్కన నాలుగు ముక్కలు రాయవచ్చు. ఫారం తిప్పి పంపి నా పేరు అడుగుతారని భయపడి, లస్కరుకు రెండు గంటలని రాశాను. నాకు మాత్రం ఎనిమిది గంటలు రాసుకున్నాను.

రెండు నెలలకు అతణ్ణి తీసేశారు. కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"రెండు గంటలేంటండి బాబుగారూ? ఎవరు రాశారండి?"

"అంతా హైదరాబాద్‌లో సలహాదారులు రాసిందేనయ్యా" అన్నాను.

"అంతేలెండి. మీరైతే అలా రాస్తారేంటండి" అని దండం పెట్టాడు.

నేనూ తిరిగి దండం పెట్టాను.