బావ పెరట్లో సర్వే రాయి

ఆయన సర్వేయరే గానీ వీధిలో ఎవరూ అలా పిలవరు. మేకు మామయ్య అంటారు. మేడ మీద తను స్వయంగా దిగ్గొట్టిన ఇత్తడి మేకు తర్వాతే ఆయనకు పెళ్లామైనా, తిండైనా. దాని మీద ఉపగ్రహాల సంకేతాలు పట్టే రిసీవరొకటి నిలబెట్టి, దాన్నే ఆధారం చేసుకుని, రెండో రిసీవరుతో ఊళ్లో స్థలాలన్నీ కొలిచాడు. పని శుభ్రంగా చేస్తాడు, నోరే శుభ్రం కాదు. ఫోన్లో దారి చూసుకుంటూ ఎవడైనా ఆయన గుమ్మం ముందు ఆగాడా, వాడి పని అయిపోయినట్టే.

పైనున్న ఉపగ్రహానికి నువ్వున్నావని కూడా తెలియదురా అని మొదలుపెట్టేవాడు. అది చేసేదల్లా తనెక్కడుందో, తన గడియారంలో టైమెంతో చెబుతూ పోవడమే. ఆ మాట కిందికి చేరడానికి ఎంత ఆలస్యమైందో చూసి కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. మూడు దూరాలు దొరికితే మన చోటు దొరకాలి. కానీ మన చేతిలో గడియారం నాసిరకం, దాని తప్పు పట్టుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. పైనున్న గడియారాలు కాస్త తొందరగా నడుస్తాయని, అందుకే పంపేముందే వాటిని నెమ్మది చేస్తారని కూడా చెప్పేవాడు. ఈ మనిషిని కూడా అలాగే నెమ్మది చేసి పంపి ఉంటే బాగుండేదని లోపల్నుంచి భార్య గొణిగేది.

ఈ విద్య పుట్టిందే పగలోంచి అని చెప్పడం ఆయనకు మహా సరదా. రెండు పెద్ద దేశాలు కత్తులు నూరుకుంటున్న రోజుల్లో ఒక దేశం తొలి ఉపగ్రహాన్ని ఎగరేసింది. రెండో దేశం శాస్త్రవేత్తలు దాని కూత విన్నారు. దగ్గరకొస్తుంటే కీచుగా, దూరమవుతుంటే బొంగురుగా మారే ఆ కూతను బట్టి అది ఎక్కడ తిరుగుతోందో లెక్కగట్టారు. మరి దాని చోటు ముందే తెలిస్తే, వినేవాడి చోటు తెలుస్తుంది కదా అని లెక్కను తిరగేశారు. అలా సముద్రంలో దాక్కునే జలాంతర్గాముల కోసం మొదలైంది. తర్వాత అణు గడియారాలు మోసుకెళ్లే ఉపగ్రహాలు వచ్చాయి. వాటి సంకేతాన్ని అందరినీ వాడుకోనిచ్చారు గానీ, తమ సైన్యానికి తప్ప మిగతావాళ్లకు చోటు సరిగ్గా తేలకుండా కావాలనే మసక చేసి ఇచ్చారు. ఆ మసక తీసేయడానికి ఏళ్లు పట్టింది.

పగల విషయంలో మామయ్య కూడా తక్కువ తిన్నవాడేం కాదు. అక్క మొగుడితో ఆయనకు మాటల్లేవు. కొత్తగా రిసీవరు కొన్న రోజు నలుగురిలో బావ దాన్ని చూసి, "గొడుగు తిరగేసి అంటగట్టాడెవడో" అని నవ్వాడు. అంతే. ఇక బావ ఇంటి గేటు దాటనన్నాడు, దాటలేదు. అక్క కబురు చేసినా వెళ్లలేదు. ఆమె కూతురు మాత్రం తండ్రి మాట కాదని మామయ్య దగ్గరే పని నేర్చుకుంది, నేర్చుకున్నాక పోటీ కంపెనీలో చేరింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే పిల్ల అని అప్పట్నుంచి ఆమెతోనూ మాటలు బంద్.

ఆ మేనకోడలే ఒక పొద్దున వచ్చి గుమ్మంలో నిలబడింది. రైలు పట్టాల కింద మంచినీళ్ల గొట్టానికి రెండు వైపుల నుంచీ సొరంగం తవ్వుతున్నారు. ఇవతలి గుర్తులు మామయ్యవి, అవతలివి ఆమెవి. రెండూ కలవట్లేదని చెప్పింది. ఇలాగే తవ్వితే ఇవతలి సొరంగం సూటిగా పక్కనున్న వంతెన పునాదిలోకి పోతుంది, లోపల మనుషులున్నారు.

నీ లెక్కే తప్పు పొమ్మన్నాడు మామయ్య. తన కొలతలో ఊళ్లో ఏ గోడా ఏ గోడతోనూ గొడవ పడలేదన్నాడు.

"అన్నీ ఒకే మేకు నుంచి కొలిచావు మామయ్యా. మేకు జరిగితే అన్నీ కలిసే జరుగుతాయి, గొడవెందుకొస్తుంది? అసలు ఆ మేకు చోటు ఎక్కణ్నుంచి తెచ్చావు?"

ఎక్కణ్నుంచి తేవాలో మామయ్యకు తెలుసు. ప్రభుత్వం కచ్చితంగా కొలిచి పాతిన సర్వే రాయి ఊళ్లో ఒక్కటే ఉంది. మేకు దిగ్గొట్టే ముందు దాని మీద రిసీవరు పెట్టి సరిచూసుకోవాలి. ఆ రాయి ఉన్నది బావ పెరట్లో. అందుకని మేడ మీదే పగలంతా కూర్చుని, అప్పటికింకా మసకగానే వస్తున్న సంకేతాన్ని విని సగటు తీసి రాసేసుకున్నాడు. ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు.

"రేపు ఇంజినీరుకి చెప్పక తప్పదు. నా మాట నమ్మకపోతే నీ మిషనే తెచ్చి మా పెరట్లో రాయి మీద పెట్టుకో" అని వెళ్లిపోయింది మేనకోడలు.

రోజంతా ఆయన ఇంట్లో అందరి మీదా ఎగిరాడు. తప్పని తేలితే ఈ ఊళ్లో తలెత్తుకోలేడు. తేలకపోతే ఆ సొరంగంలో మనుషులు. పొద్దు వాలుతుండగా మేకు మీద ఒక రిసీవరు నిలబెట్టి, రెండోదీ ముక్కాలి స్టాండూ భుజాన వేసుకుని బయల్దేరాడు. బావ ఇంటి గేటు తోసుకుని, ఎవర్నీ పలకరించకుండా పెరట్లోకి నడిచాడు. రాయి మీద స్టాండు నిలబెట్టాడు. చుట్టూ గోడల నిండా వస్తువులు కిక్కిరిసి ఉన్నాయి గానీ రాయి పైన మాత్రం ఒక రేకు గానీ కొమ్మ గానీ లేదు. బావ పాత స్కూటరు ఆ ఆరుబయటే నిలబడి తుప్పు పట్టిపోయింది.

మిషను లెక్క తేల్చింది. గజం పైనే తేడా. మేనకోడలు చెప్పిందంతా నిజమే.

బావ వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"ఎంతొచ్చింది?"

"గజం దాటింది."

"నువ్వు మిషను కొన్నాక, ఈ రాయి కోసం ఎలాగూ వస్తావనుకున్నాను. పైన ఆకాశం కనబడాలంటావుగా. స్కూటరు షెడ్డు పీకించేశాను." బావ గొంతులో మంట తగ్గలేదు. "నువ్వు రాలేదు. కొలుచుకోవడం అయిపోతే దయచెయ్. రేపైనా నా షెడ్డు నేను వేయించుకుంటాను."

తలుపు ధడేలున మూసుకుంది.