వద్దనే తీరు

సీతమ్మధారలో ఓ చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పనిచేసే రోజులవి. ఆ సాయంత్రం ఎలమంచిలిలో నాకు పెళ్లిచూపులు. మధ్యాహ్నం అమ్మానాన్నలతో రైలెక్కాలి. పొద్దున్నే మేనేజరు పిలిచి, పోర్టు దగ్గర ఓ కస్టమరు ఆఫీసులో ఉన్న డీఎన్ఎస్ సర్వర్ సంగతి తేల్చి కదలమన్నాడు. సైటు పేరు చెబితే అడ్రసు చెప్పే మిషనది. అలాంటి వాటిలో నడిచే ఒక సాఫ్ట్‌వేర్‌కి దొంగలు దూరే కంత ఉందని అప్పుడే తెలిసింది. అక్కడున్నదీ అదే అయితే, బాగుచేసేసరికి రైలు పోతుంది, నా పెళ్లిచూపులు గోవిందా.

దాన్ని పెట్టినవాడు పాస్‌వర్డు చెప్పకుండా ఉద్యోగం మానేశాడు. నీ వెర్షనేమిటని సర్వర్‌నే అడిగితే "నీకెందుకు" అని జవాబొచ్చింది. పోతూ పోతూ వాడు రాసిపెట్టిన వెటకారం. నాకు ఒళ్లు మండింది.

పక్క సీటు మిత్రుడు, అచ్చంగా ఈ ప్రాంతంవాడు, తాపీగా నవ్వాడు. "పేరడిగితే అబద్దం సెప్తాది బావా. సేతకాని పని అడుగు. ఎవుడెలా కాదంతాడో సూస్తే ఏ ఊరోడో తెలిసిపోతాది."

మాకు తెలిసిన రెండు సాఫ్ట్‌వేర్లను ఆఫీసులోని పాత కంప్యూటర్లలో పెట్టి, అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేశాం. కంతున్నది "అది నాకు రాదు" అని మర్యాదగా చెప్పింది. రెండోది ఉలకలేదు, పలకలేదు. అవే ప్రశ్నలు పోర్టు సర్వర్‌కి పంపాం. మామూలు వాటికి టకటకా చెప్పేది, వీటికి మాత్రం నోరు విప్పలేదు. ఎన్నిసార్లడిగినా అంతే.

"ఇది రెండోదే, కంత లేదు. మందు అక్కర్లేదు దీనికి. రైలుకెల్లు బావా," అన్నాడు మిత్రుడు. వాణ్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఎలమంచిలిలో మమ్మల్ని కూర్చోబెట్టి, అమ్మాయి తండ్రి టీ తెమ్మంటారా అని అడిగారు. మా వాళ్లు స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి గోదావరి నుంచి వచ్చినవాళ్లు. "ఇప్పుడే తాగామండీ," అన్నాడు నాన్న. అమ్మా అదే అంది. అలవాటు కొద్దీ నేనూ అనేశాను. నిజానికి ముగ్గురికీ నాలుక పిడచకట్టుకుపోతోంది.

ఆయన మొహం వాడిపోయింది. వాళ్లింట్లో టీ వద్దంటే సంబంధం వద్దన్నట్టేనట. నేనేమో గుమ్మం పక్కన అమ్మాయిని అప్పటికే చూశాను, నచ్చేసింది.

అప్పుడు ఆమే నోరు విప్పింది.

"ఆళ్లు వద్దన్నేదు నాన్నా. గోదారోళ్లు అలగే అంతారు. ఇంకోపాలి అడగండి."

ఆయన మళ్లీ అడిగారు. నాన్న నోరు తెరిచేలోపు నేనే తెమ్మన్నాను.