ఎర్ర కారు వద్దన్న మేస్త్రి

మేస్త్రి పోయిండన్న ముచ్చట నాకు బోధన్ బస్టాండు కాడ తెలిసింది. ఎరుకున్న కండక్టరు ఒకాయన టికెట్ల సంచి చంకల పెట్టుకొని నా దిక్కు వచ్చి, "పటేలా, షెడ్డు మేస్త్రి పొద్దుగాల పోయిండట, ఎరుకేనా" అన్నడు. నేను నమ్మలె. నిరుడు గూడ ఎవడో గిట్లనే అంటె పూలదండ పట్టుకొని ఉరికిన. పోయి చూస్తె మేస్త్రి షెడ్డు ముంగట కూసోని బీడీ తాగుతుండె. "దండ ఎవలికి పటేలా" అని అడిగిండు. ఈసారి మాత్రం నిజమే అయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడు ఆ పేరు నా నోట మంచిగ రాలె, ఇప్పుడు రాసి పెద్దమనిషి లెక్క కనవడుడు నాకు శాతగాదు. బండ్లు రిపేరు చేసే ఆయన, అటు వర్ని దిక్కు, ఇటు నిజామాబాద్ దాక అందరికి మేస్త్రే.

మా దిక్కు ఎవలన్న పాత జీపో, లారీనో, ట్రాక్టరో కొనాల్నంటె ముందుగాల మేస్త్రిని తోల్కపోయి చూపియ్యాలె. చందూర్ నుంచి ఇందల్వాయి దాక అదే రివాజు. అంత అనుమానపు మనిషిని నేను మల్ల చూడలె. బండి కాడికి పోంగనే బానెట్ మీద అరచెయ్యి పెట్టేటోడు. వేడిగుంటె, "మేము రాకముందే ఎందుకు స్టార్ట్ చేసినవు" అని అమ్మెటోన్ని నిలదీసేటోడు. మైళ్ల మీటరు దిక్కు కన్నెత్తి గూడ చూడకపోయేది. "మీటరు తిప్పితె తిరుగుతది పటేలా. అరిగిన పెడలు రబ్బరు మల్ల పెరగదు" అనేటోడు. ఆయిల్ డబ్బాకు సీలున్నా సరే, మూత తీసి వాసన చూసి, రెండు వేళ్ల నడుమ రాసి చూసినంకనే పోసేటోడు. మా జీపుల కూసోమంటె చక్రాల నట్లు ఒక్కొక్కటి గట్టిగున్నయా లేవా చూసినంకనే ఎక్కేటోడు. హోటల్ల చాయ్ ఇచ్చినా ముక్కు కాడ పెట్టుకోంది తాగకపోయేది.

ఇంత చేసి, చూసినందుకు ఒక్క పైస తీస్కోకపోయేది. "పైసలు తీస్కుంటె నా నోరు మెత్తగయితది" అనేటోడు. గదే ఆయన కొంప ముంచింది. ఉత్తగ ఎవడన్న ఎండల నిలవడి మంది బండ్లు చూస్తడా, లోపల ఏదో ఉంటది అని మా అసొంటోళ్ల అనుమానం.

పదేండ్ల కింది మాట. నాకు గప్పుడు ఇరవై ఆరేండ్లు. చెరుకు మంచిగ పండింది, కండ్లు నెత్తికెక్కినయ్. హైదరాబాద్ల ఒక నవాబుల ఇంటి సామాను అమ్ముతున్నరని, ఒక దలాల్ అక్కడికెల్లి రెండు స్పోర్ట్స్ కార్లు నిజామాబాద్ తెచ్చి పెట్టిండు. రెండూ ఇంగ్లండుల చేసినయే, రెండిట్ల ఇద్దరే కూసునుడు, పైన గుడ్డ కప్పు. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. తెల్లదానికి ఒకటే కార్బురేటరు, కంపెనీ బిగించిన మామూలు గేర్లు. ఎర్రదానికి రెండు కార్బురేటర్లు, పందాల కోసమని మార్పిచ్చిన గేర్ల పెట్టె. మొదటి గేర్లనే నలభై మైళ్ల స్పీడు దాక పోతదని దలాల్ చెప్తుంటె నాకు కాళ్లు భూమి మీద ఆగలె. దోస్తులంత ఎర్రదే అన్నరు. మా బాపు మాత్రం, "మేస్త్రి చూడంది చెయ్యి పెట్టకు" అన్నడు.

మేస్త్రిని తోల్కపోయిన. ఆయన కార్ల దిక్కు పోకముందే దలాల్‌ను గోడ చాటుకు పిలిచి ఏందో అడిగిండు. దలాల్ ఒక కాయిదం మడిచి ఇస్తె అంగి జేబుల పెట్టుకున్నడు. నేను చూసిన. గప్పుడే నా మనసుల పురుగు దొలిచింది.

అటెన్క ఆయన పరీక్ష మొదలు పెట్టిండు. ఆ పరీక్ష నేను గంతకు ముందు ఎన్నడు చూడలె. "మొదటి గేరు ఎయ్యి పటేలా. క్లచ్చి మీదికెల్లి కాలు మొత్తం తియ్యి. నా ఎన్క నడిపియ్యి. నన్ను దాటొద్దు, ఆగొద్దు" అని చెప్పి, చేతులు ఎన్కకు కట్టుకొని కారు ముంగట ఎద్దు నడిచినట్టు మెల్లగ నడిచిండు. ఎన్కకు తిరిగి చూడలె. తెల్లది దూడ లెక్క ఆయన ఎంబడి ఆ జాగ అంతా తిరిగింది. ఎర్రది ఎగిరెగిరి పడ్డది. ఒకసారి ఆయన పిక్కలకు తాకబోయింది, మూడుసార్లు బందయింది. చూసెటోళ్లు నవ్విండ్రు.

"తెల్లది తీస్కో" అన్నడు మేస్త్రి.

"ఎర్రది మస్తు ఉరుకుతది గద మేస్త్రి" అన్న.

"ఉరుకుతది. ఏడ ఉరికిస్తవు? దీపావళి నుంచి ఉగాది దాక బోధన్ తొవ్వల నీ ముంగట చెరుకు బండ్లే ఉంటయ్. నీ కారు ఎక్కడిదో చూసి ఎద్దు పక్కకు జరుగుతదా? దీని మొదటి గేరే స్పీడుది. మెల్లగ పోవాల్నంటె క్లచ్చి సగం తొక్కిపట్టి నడపాలె. క్లచ్చి కాలుతది. రెండు కార్బురేటర్లు గూడ ఆ నడకకు పెట్రోలు తాగుడే తప్ప అక్కరకు రావు."

ఇప్పుడు రాస్తుంటె ఎంత సాఫ్ మాట అనిపిస్తుంది. గప్పుడు నా చెవులకు ఎక్కలె. అమ్ముడువోని తెల్లదాన్ని నాకు అంటగట్టనీకి దలాల్‌తోని కలిసిండు, జేబుల కాయిదం ఊకె పోలేదు, అనుకున్న. ఎర్రదే కొన్న.

కొని ఊకున్నా అయిపోతుండె. నేను ఊకోలె. చెరుకు తూకం కాంటా కాడ చెప్పిన, పెండ్లిల బంతిల కూసోని చెప్పిన, నిజామాబాద్ హోటల్ల చెప్పిన. "మేస్త్రి దలాల్లతోని కలుస్తడు. కాయిదం జేబుల పెట్టుకునుడు నా కండ్లతోని చూసిన" అన్న. కండ్లతోని చూసిన అంటె మంది ఇంకేం అడుగుతరు? చెరుకు కొట్టుడు మొదలయ్యేసరికి ఆ మాట నాకంటె ముందే ఊర్లకు పోతుండె.

ఆ యేడే ఎర్ర కారు నా ఇజ్జతి తీసింది. చక్కెర ఫ్యాక్టరీ తొవ్వల చెరుకు బండ్ల వరుస కదులుతలేదు. బండి అడుగు జరిగితె నేను అడుగు జరగాలె, క్లచ్చి తొక్కుడు ఇడుసుడు, తొక్కుడు ఇడుసుడు. కాలిన వాసన వచ్చింది, కారు నిలవడ్డది. సరిహద్దు అవతలి బండాయన ఒకడు మరాఠీల పలకరించి, పాపమని, మోకు కట్టి ఎద్దులతోని కారును మేస్త్రి షెడ్డు దాక గుంజిచ్చిండు. తొవ్వ పొడుగుత మంది చూసిండ్రు. ఇంకో మేస్త్రి కాడికి పోదామనుకున్న, గని ఆ కారు ఇప్పెటోడు ఇంకొకడు లేడు.

నేను చెప్పిన్న లేదా అని మేస్త్రి అనలె. సంచి పరుచుకొని కారు కిందికి దూరిండు. నేను నిలవడి నిలవడి గోడ దిక్కు చూసిన. తీగెకు గుచ్చిన పోస్టుకార్డులున్నయ్. మీదిది ఉర్దూల ఉన్నది. నా చిన్నప్పటి సదువు ఉర్దూలనే, తీసి సదివిన. నవాబుల ఇంట్ల పనిచేసిన డ్రైవరు రాసిండు, ఎర్రదాని గేర్లు పందాల కోసం మార్పిచ్చినయని, రోజు తిరగనీకి తెల్లదే మంచిదని. దాని ఎన్క మడిచిన కాయిదం ఒకటి. దలాల్ ఇచ్చిందే. అండ్ల ఆ డ్రైవరు అడ్రసు తప్ప ఇంకేం లేదు.

కార్డు మీది తారీఖు చూస్తె, నేను ఎర్రది కొన్నంక గూడ ఆయన డ్రైవరును అడుగుకుంట కార్డు రాసిండన్నమాట. తన మాట తప్పయిందేమోనని తన మీదనే అనుమానమొచ్చి రాసిండు.

గప్పుడే కారు కిందికెల్లి అడిగిండు. "పటేలా, నేను దలాల్‌తోని కలిసిన్నని అన్నవట."

కార్డు నా చేతులనే ఉన్నది. "ఎవలన్నరు? నేనెందుకంట మేస్త్రి" అన్న.

"అనకుంటె మంచిదే" అన్నడు. "గా పెద్ద పానా ఇటియ్యి."

ఇచ్చిన. చాయ్‌ని గూడ నమ్మని మనిషి నన్ను నమ్మిండు. లేకుంటె నమ్మినట్టు చేసి ఊకున్నడో, నాకు తెల్వదు. ఆ ఒక్కటి ఆయన్ను అడగనీకి పదేండ్లల్ల నాకు ధైర్యం రాలె.

రెండేండ్లకు ఎర్ర కారు అమ్మేసిన. మేస్త్రిని బండ్లు చూడనీకి పిలుచుడు మంది మెల్లమెల్లగ బందు చేసిండ్రు. ఆయన షెడ్డుల మోటార్లు, ఆయిల్ ఇంజన్లు ఇప్పుకుంట కూసునేటోడు. తొవ్వ మీద కొత్త బండి పోతె లేచి, అది మలుపు తిరిగేదాక చూసేటోడు. ఆయనకు ఆ పని పానం. నేను పోతె చాయ్ తెప్పిచ్చేటోడు, ఒక్కనాడు గూడ ముఖం తిప్పుకోలె. ప్రతి దసరాకు అందరి ముంగట చెప్పేద్దామనుకున్న. చెప్తె నా ఇజ్జతి ఏంగావాలె అనిపించేది. ఆయన ఇజ్జతి ఏమయిందో అనుకోలె. నాకు సిగ్గయితుంది.

దినాల నాడు షెడ్డు ముంగటనే శామియాన ఏసిండ్రు. నా పక్కన చందూర్ రైతు ఒకాయన కూసున్నడు, ముప్పై ఏండ్లుంటయేమో, నేనెవలో ఆయనకు ఎరుక లేదు. "మంచి పనోడు పోయిండు" అన్నడు. మల్ల గొంతు తగ్గించి, "రిపేరుకైతె ఈయననే. కొనేటప్పుడు మాత్రం ఈయన మాట ఇనొద్దంటరు. దలాల్లతోని కలుస్తుండెనట" అన్నడు.

లేచి నిలవడ్డ. ఆ మాట పుట్టిచ్చింది నేనేనని, అది అబద్ధమని, కార్డు సంగతి, అడ్రసు సంగతి, ఆయన అడిగితె నేను బొంకిన సంగతి, అన్నీ అందరికి ఇనవడేటట్టు చెప్పిన. మేస్త్రి భార్య గడప కాడ నిలవడి ఇన్నది. అటెన్క ఒక పెద్దాయన నా భుజం పట్టి కూసోవెట్టి, "పోయినాయన కోసం తప్పు మీదేసుకున్నవు. పెద్ద మనసు పటేలా నీది" అన్నడు.

"కాదు, నిజమే" అన్న. ఆయన నా ఈపు నిమిరిండు.

చందూర్ ఆయన లేచి పోయి గిలాసల నీళ్లు తెచ్చి నా చేతుల పెట్టిండు. నేను తాగుతుంటె, అవతలి మనిషి దిక్కు వంగి, "మేస్త్రికి కావాల్సినోడు గద, గట్లనే చెప్తడు" అన్నడు.