పొడుగు టిక్కు

మా పాపకు స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తుంటే, ఆ వాసనకు నా రెండో తరగతి లెక్కల పుస్తకం గుర్తొచ్చింది.

చెల్లి పుట్టే ముందు, పురుటికని అమ్మ ఇబ్రహీంపట్నంలో అమ్మమ్మగారింటికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లింది. పటమటలో నా బడి మూడు నెలలు పోయింది. పరీక్షల్లో వెనకబడతానని తనే చదువు చెప్పింది. పొద్దున చెల్లికి స్నానం, సాంబ్రాణి, పాలు. తర్వాత నాకు పది లెక్కలు. చెల్లిని ఒళ్లో పెట్టుకునే ఎర్ర పెన్నుతో దిద్దేది.

కొన్ని టిక్కులు పొట్టిగా ఉండేవి. కొన్ని పేజీ చివరిదాకా జారేవి. లెక్క చాలా బాగా చేస్తేనే పొడుగు టిక్కు పడుతుందని నేను నమ్మాను.

ఒకరోజు అన్నీ పొట్టివే పడ్డాయి. చివరి లెక్క దగ్గర అమ్మ కళ్లు మూసుకుంది. భుజం పట్టి కుదిపాను.

“అమ్మా, దీనికైనా పొడుగ్గా పెట్టవా!”

“దాన్ని కాసేపు పడుకోనీరా! తెల్లవార్లూ జాగారమే,” అని అమ్మమ్మ కసిరింది.

“పర్లేదులే అమ్మా. ఏదిరా, ఇటు తే.”

మళ్లీ కళ్లు వాలుతుండగా అమ్మ పెట్టిన టిక్కు పేజీ దాటి దుప్పటి మీదికి పోయింది. నేను గంతులేశాను.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. పొడుగు టిక్కులు నలభై ఒకటి. అన్నిసార్లు పెన్ను చేతిలో ఉండగానే అమ్మ నిద్రలోకి జారింది. అన్నిసార్లూ నేనే లేపాను.