నైట్రోజన్ అయిపోయిన రోజు

మాస్టారు పోయారని ఆయన తమ్ముడు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ల్యాబులో సిలిండర్ గేజి చూస్తున్నాను. అంకె పుస్తకంలో రాసి, అప్పుడు కూర్చున్నాను.

మన బిలాస్‌పూర్ తెలుగువాళ్లలో చాలామందికి ఆయన రైల్వే షెడ్డు ఫిట్టరు గారి అబ్బాయిగానే తెలుసు. కెమిస్ట్రీ ప్రొఫెసరుగా ఏం చేసేవారో అడిగినవారు తక్కువ. పదో తరగతితో చదువు ఆగిపోయి ఆయన ల్యాబులో అటెండరుగా చేరిన నాకు ఆయనే చెప్పారు. "ఘాట్ ఎక్కలేని గూడ్సుని వెనకనించి ఇంకో ఇంజన్ తోస్తాది. పైకెక్కించి తను తిరిగొచ్చేస్తాది. మన పొడి చేసే పనీ అదే." పొడి అంటే సీరియం ఆక్సైడ్, దాని మీద కాస్త రాగి. బొగ్గు సరిగా కాలనప్పుడు పుట్టే విషవాయువును అది కార్బన్ డయాక్సైడుగా మార్చాలి. ఆ మార్పు ఎలా జరుగుతోందో తెలుసుకోవడానికి ఒక మిషన్లో పొడి మీదికి కంటికి కనబడని పరారుణ కాంతి పంపేవారు. "మా నాన్న చక్రాన్ని సుత్తితో తట్టి, మోత విని పగులు చెప్పేవారు. మనం వెలుగుతో తడతాం. అంతే తేడా."

డిక్షనరీ పక్కన పెట్టుకుని నేను మిషన్ మాన్యువల్ చదవడం ఒకసారి చూశారు. మర్నాడు బల్ల మీద నా కోసం ఒక రూళ్ల పుస్తకం ఉంది. రోజూ రాయమన్నారు. "నచ్చింది కాదు, జరిగింది" అన్నారు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయికి ఒక పొద్దున, పొడిని వేడి చేయకుండానే గ్రాఫులో కార్బన్ డయాక్సైడ్ గీత లేచింది. నిమిషనిమిషానికీ పెరిగింది. వేడి లేకుండా పని జరిగిందంటే చిన్న సంగతి కాదు. తెలిపారా బజారు నుంచి జిలేబీ వచ్చింది. పేపరు రాసి పత్రికకు పంపారు.

మూడు వారాల తర్వాత పాత పేజీలు తిరగేస్తుంటే ఆ రోజు నేను రాసింది కనబడింది: "నైట్రోజన్ అయిపోయింది. సాయంత్రం సిలిండర్ మార్చాను." మిషన్లోకి కార్బన్ డయాక్సైడ్ ఉండే గది గాలి రాకుండా ఆపేది ఆ నైట్రోజనే. పొద్దున గేజి చూడాల్సింది నేను. చూడలేదు. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. ఆ అమ్మాయి డిగ్రీ ఆ గీత మీదే నిలబడి ఉంది.

రెండు రోజులు పుస్తకం మూసే ఉంచాను. మూడో రోజు ఆయన ముందు పెట్టాను.

చదివారు. గ్రాఫు పక్కన పెట్టుకుని మళ్లీ చదివారు.

"ఏటోయ్, ఇది ఎప్పుడు చూశావు?"

"మొన్న, మాస్టారూ."

"మరి రెండ్రోజులూ ఏటి చేశావు?"

"భయపడ్డాను."

"అదీ రాయి."

ఆ అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి వింది. "పేపర్ పంపేశాం కదా సర్, అబ్ క్యా కరేఁ, ఇప్పుడేం చేద్దాం?" అంది.

"వెనక్కి తెచ్చుకుందాం. ఈ గీత పొడిది కాదమ్మా, గది గాలిది. నీ ఊపిరి, నా ఊపిరి, ఇదిగో ఈయన ఊపిరి."

ఆమె కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ముందే చెప్పుంటే జిలేబీ అయినా మిగిలేది, భైయా."

ఆ రోజే ఉత్తరం రాసి పేపరు వెనక్కి తీసుకున్నారు. తప్పు తనదేనని రాశారు. గేజి మాట గాని, నా మాట గాని అందులో లేదు. అందుకే ఇక్కడ నేను రాస్తున్నాను.

మళ్లీ మొదటి నుంచి చేయడానికి ఏడాది పట్టింది. వేడి లేకుండా ఏమీ జరగలేదు. వేడి చేస్తే గీత లేచింది. చిన్నదే, కానీ అది పొడిదే. ఆమె డిగ్రీ దానితోనే వచ్చింది.

తర్వాత ల్యాబులో ఒక అలవాటు పడింది. నమూనా పెట్టి మిషన్ మూత దించేటప్పుడు, లోపలికి పోకుండా అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. మొదలుపెట్టింది మాస్టారే. రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు వచ్చి పక్కన నిలబడి, బుగ్గలు పూరించి నా వైపు చూసేవారు.

ఫోన్ వచ్చిన సాయంత్రం లాల్‌ఖదాన్‌లో వాళ్లింటికి వెళ్లాను. వరండాలో ఐస్ పెట్టెలో పడుకోబెట్టారు. ఆ అమ్మాయి, ఇప్పుడు తనూ లెక్చరరే, వచ్చి నా పక్కన నిలబడింది. ఆయన తమ్ముడు పూలు సర్ది, గాజు మూత మెల్లగా దించాడు. అది ఆనిన చప్పుడు వినబడేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. పక్కన ఆమె కూడా.