దూత చేతిలో సితారా

నాగాయలంక దగ్గర మా ఊరి చర్చిలో, ప్రసంగ పీఠం వెనక గోడమీద ఒక దేవదూత బొమ్మ ఉంది. వేసింది జకరయ్యగారు. పడవల మీద పేర్లు, కొట్ల మీద బోర్డులు రాసి బతికిన మనిషి. ఫ్లెక్సీలొచ్చాక ఆ పనీ లేదు, భుజమూ లేవడం లేదు.

ఆయన వయసులో ఉన్నప్పుడు, దూత చేతిలో సితారా పెట్టమన్నారు సంఘ పెద్దలు. బైబిల్ వాక్యంలో ఆ మాటే ఉందిగదా. అదెలా ఉంటుందో వాళ్ళకీ తెలియదు, ఆయనకీ తెలియదు. మంగలికొట్టు క్యాలెండర్లో సరస్వతి చేతిలో వీణ కనిపిస్తే అదే దించేశారు. మాకు అదే స్తుతి వాద్యమైంది.

చేపల గంప కోటమ్మకు మాత్రం ఆ బొమ్మ చదువుల తల్లి. కొడుకు పది పరీక్షలప్పుడు గుమ్మంలో గంప దించి దణ్ణం పెట్టుకుంది. అప్పట్నుంచి ఆ దారిన వెళ్తే ఆగకుండా వెళ్ళదు. ఎవరూ కాదనలేదు. జకరయ్యగారి ఇంటికి మాత్రం అప్పుడప్పుడు నాలుగు చేపలు వచ్చేవి.

ఈ వేసవిలో చర్చికి రంగులు వేస్తుంటే పాస్టరు శామ్యూల్ రాజ్ గారు జకరయ్యగారిని పిలిపించి ఫోన్లో ఒక బొమ్మ చూపించారు.

"పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, దూతకి వీణేంటని నవ్వుతున్నారండీ. అసలు సితారా ఇలా ఉంటుందట."

"కిటికీ చట్రానికి తీగలు కట్టినట్టుంది," అని బెంచీ మీద కూలబడ్డారు జకరయ్యగారు. "మార్చటం ఎంతసేపండీ. కోటమ్మకేం చెప్పను?"

"నేను చెప్తాలెండి."

"వద్దయ్యగారూ. వీణ ఇచ్చింది నేను. నేనే చెప్పుకుంటా."

వీణ మీద తెల్లరంగు పూస్తుంటే ఆయన చెయ్యి మాటిమాటికీ దిగిపోయింది. పాస్టరుగారే నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. తీగలు గీయడం పూర్తవుతుండగా కోటమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఏంటన్నయ్యా, వీణ తీసేశావా?"

ఆయన కుంచె డబ్బాలో పెట్టారు. "అదీ... కోటమ్మా..."

"పోన్లే. మా వోడికి చదువైపోయిందిగా," అంది గంప దించుతూ. "వల పెట్టావ్, మంచి పని చేశావ్. మా ఇంటాయన రేపే వేటకెళ్తన్నాడు."

అది వల కాదని చెప్పడానికి శామ్యూల్ రాజ్ గారు నోరు తెరిచారు.

"అయ్యగారూ," అన్నారు జకరయ్యగారు పైనుంచి, "నిచ్చెన కాస్త గట్టిగా పట్టుకోండి."