తల్లిగారి ఊరి పేరు

గుండె మీద బండ పెట్టుకుని ముప్పై ఏళ్ళు బతకొచ్చు. నేను బతికాను. వేళకు తిన్నాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, ప్రమోషన్ తీసుకున్నాను, ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మరి మీకెందుకు చెబుతున్నాను? మీరెవరో నాకు తెలియదు. చదువుతున్నప్పుడు మీ ముఖం నాకు కనబడదు. బహుశా అందుకే కావచ్చు.

నా పేరు రాయను. నేను పనిచేసిన పోలీసు దళం పేరు కూడా రాయను. చెన్నూరు నుంచి ఆదిలాబాద్ దాకా అడవి పక్క ఊళ్ళలో కాస్త వయసు పైబడిన వాళ్ళకు ఆ పేరుతో పనిలేదు. అన్నల, అంటే నక్సలైట్ల, కాలంలో మఫ్టీలో వచ్చేవాళ్ళు అంటే చాలు, మాట మార్చేస్తారు. మొన్నీమధ్య మా పాతవాళ్ళంతా కరీంనగర్‌లో భోజనాలకు కలిశారు. దళం చరిత్ర పుస్తకంగా వేస్తున్నారట. నీ సాహసం ఏదైనా ఒకటి రాసివ్వు అన్నారు. సరేనని కూర్చున్నాను. రాయబోతే ఇది తప్ప ఇంకేం రాలేదు. ఇది ఆ పుస్తకంలో పట్టదు.

అందులో రానివి చాలా ఉన్నాయి. ఊళ్ళో మగవాళ్ళందరినీ బడి ముందర ఎండలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టేవాళ్ళం. అన్నలకు గింజ దొరకకూడదని జొన్నల గుమ్ముల్లో కిరసనాయిలు పోసేవాళ్ళం, ఆ ఇంటివాళ్ళు ఏడాదంతా ఏం తింటారని ఎవరం అడగలేదు. పట్టుకున్న మనిషిని కాల్చేశాక తొడగడానికి ఆకుపచ్చ బట్టలు జీపులో మేమే సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళం. ఒంటికి తూటా రంధ్రం ఉండేది, చొక్కాకు ఉండేది కాదు. ఎదురుకాల్పులు అని పేపర్లో వచ్చేది. చొక్కా సంగతి ఎవరూ అడగలేదు. అడిగేంత ధైర్యం ఎవరికుంటుంది?

నేను ఎవరినీ కాల్చలేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. కాల్చనివాడిని కాబట్టి నేను వేరే, వాళ్ళు వేరే అనుకునేవాణ్ణి. సిగ్గులేని మాట. నా పని వేరు, అంతే. నా పని మాట్లాడటం.

మా సార్లు బయటి జిల్లాల వాళ్ళు. నోరు తెరిస్తే చాలు, ఊరివాళ్ళు పసిగట్టేవాళ్ళు. నేను లక్సెట్టిపేట పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాను. లుంగీ కట్టుకుని, భుజాన సంచి వేసుకుని అన్నలాగా వెళ్తే ఎవరూ అనుమానించేవాళ్ళు కాదు. వెళ్ళి అన్నం అడిగేవాణ్ణి. అన్నలొస్తే పెట్టడం ఆ ఊళ్ళలో మామూలే. కొందరు ఇష్టంతో, కొందరు భయంతో. పెట్టినవాళ్ళ ఇళ్ళకు మరునాడు మావాళ్ళు యూనిఫారంలో వెళ్ళేవాళ్ళు.

ఇక అసలు సంగతి.

చెన్నూరు అవతల ఒక ఊళ్ళో సంఘం మనిషి ఒకడుండేవాడు. పాలేళ్ళ కూలి పెంచమని దొర ముందు నిలబడ్డవాడు. అతని కోసం చాలా రోజులుగా వెతుకుతున్నాం. ఊళ్ళో లేడు. భార్యను రెండుసార్లు స్టేషన్‌కు తెచ్చి కూర్చోబెట్టారు, కొట్టారు కూడా. ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. అప్పుడు మా సారుతో నేనన్నాను. కొడితే చెప్పదు సార్, మా వైపు ఆడవాళ్ళు తల్లిగారి ఊరివాడు వస్తే ఏదీ దాచరు అని. మా వైపు అంతే. కులం ఏదైనా కానివ్వండి, పుట్టిన ఊరి మగవాడు కనబడితే తోడబుట్టినవాడి కింద లెక్క. బస్సులో కలిసినా అన్నా, తమ్మీ అని పిలిచి, అందరి మంచిచెడ్డలు అడిగిగానీ వదలరు. మా అమ్మ అట్లాగే చేసేది. నేను పుట్టి పెరిగిన ఆచారాన్ని, ఎవరూ అడగకముందే, తీసుకెళ్ళి మా సారు చేతిలో పెట్టాను.

ఆమె తల్లిగారి ఊరు మా పల్లెకు దగ్గరే. అక్కడి వాడలు, బొడ్రాయి, ఎవరి ఇల్లు ఎక్కడో నాకు తెలుసు. నేనే వెళ్తానన్నాను.

పొద్దు వాలుతుండగా వెళ్ళాను. ఆమె ఒక్కతే పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. అన్నం కావాలక్కా అన్నాను. ఏ ఊరు తమ్మీ అని అడిగింది, ఊరికే మాటవరసకు. నేను ఆమె తల్లిగారి ఊరి పేరు చెప్పాను.

పిండి చేతితోనే లేచి నిలబడింది. "మా తల్లిగారు గదే ఊరు. ఎవలింటోనివి?"

"బొడ్రాయి దాటినంక కంసాలోల్ల వాడకట్టు అక్కా. చిన్నప్పుడే ఇల్లిడిచిన."

"గందుకే గుర్తువట్టలే. నా లగ్గమయినంక పుట్టినట్టున్నవ్. గంత దూరం కూసున్నవేంది, పీటేసుకో. గా చెవికేమయింది, తెగింది?"

"చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తాకింది."

పొదగేయడానికి దాచుకున్న గుడ్లు బుట్టలోంచి తీసి పగలగొట్టి వేయించింది. నేను వద్దన్నాను. "అక్క ఇంటికొచ్చి ఉత్త పుంటికూర తిని పోతవా" అంది. నిజంగా సంతోషంగా ఉంది. స్టేషన్‌లో దెబ్బలు తిన్న మనిషి, మోచేతి దగ్గర కమిలిన గుర్తు ఇంకా ఉంది, నా కంచంలో మూడో రొట్టె వేస్తూ నవ్వుతోంది. నేను తింటున్నాను. తింటూనే అడిగాను.

"బావ ఏడి అక్కా? మావోల్లు కలిసి రమ్మన్నరు."

వాకిట్లోకి తొంగి చూసి వచ్చి కూర్చుంది.

"నువ్వు మా ఊరోనివని చెప్తున్న తమ్మీ. ఆదిలాబాద్‌ల పత్తిమిల్లుల పనికి కుదిరిండు, వేరే పేరు మీద. మా తమ్ముడే కుదిర్చిండు. గా ముచ్చట వానికి, నాకే ఎరుక. ఇగ ఆయన గా తొవ్వకు రాడని మీవోల్లకు చెప్పు. పిల్ల చిన్నది. జర ఇడిచిపెట్టుమను."

"చెప్త అక్కా."

చెప్పాను. మా సారుకు చెప్పాను. ఆయన నా భుజం తట్టాడు, నాకు ఛాతీ ఉబ్బింది. ఇది కూడా రాయాలి. ఆ రోజు నాకు బాధ కలగలేదు. గెలిచాననుకున్నాను.

మిల్లు దగ్గరికి కూడా నన్నే తీసుకెళ్ళారు. అతని ముఖం మాకెవరికీ తెలియదు. గేటు కాడ నిలబడి, చెన్నూరు కాడి మనిషి ఒకాయన ఉండాలే, ఇంటి నుంచి మనిషొచ్చాడని చెప్పండి అన్నాను. తలనిండా పత్తి నూగుతో ఒకతను బయటికొచ్చాడు. అక్క పంపింది బావా అన్నాను. పిల్ల మంచిగున్నదా అని అడుగుతూ నా వెంట జీపు దాకా నడిచాడు. దారిలో నన్నేమీ తిట్టలేదు. ఒక్కసారి నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. అడవిలో జీపు ఆపారు. నన్ను బండి దగ్గర ఉండమన్నారు. ఉన్నాను. చప్పుడు విన్నాను. అతని పక్కన ఇంకో శవం కూడా పెట్టారు, ఎక్కడి నుంచో తెచ్చింది, ముఖం గుర్తుపట్టేట్టు లేదు. ఇద్దరికీ సంచిలోని బట్టలు తొడిగారు.

ఆ తర్వాత మా దళం ఈ ఎత్తు చాలా ఊళ్ళలో వేసింది. భార్య తల్లిగారి ఊరు ఏది అని ముందే కనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఎందరు అక్కలు ఎందరు తమ్ముళ్ళకు పీట వేశారో నాకు తెలియదు. నేర్పింది మాత్రం నేనే.

ఇంతవరకూ అయితే బహుశా నేను రాసేవాణ్ణి కాను. చచ్చేదాకా మోసేవాణ్ణి. నాలాగా మోస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, భోజనాల దగ్గర జోకులు వేసుకుంటూ.

పోయిన మాఘమాసంలో లక్సెట్టిపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి మోసుకొస్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు. పక్కన ఒక పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఏమైందమ్మా అని అడిగాను. ఆమె నా ముఖం చూసింది, తర్వాత నా చెవి చూసింది.

"తమ్మీ. నువ్వు బతికున్నవా" అంది.

ఆ రోజు నాకు రొట్టెలు పెట్టిన అక్క. భర్తను కలవబోయి నేనూ దొరికిపోయానని, అతని పక్కన పెట్టిన ముఖం తెలియని శవం నాదే అనుకుందట. ఇన్నేళ్ళూ పెద్దల అమావాస్యకు భర్తకు పెట్టినప్పుడల్లా నా కోసం కూడా ఒక విస్తరి వేస్తోందట. నా చేయి పట్టుకుని వదలడం లేదు. లొంగిపోయిన అక్కా, అందుకే బతికిన అన్నాను. నోట్లోంచి అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో. పాత అలవాటు.

అప్పుడు చెప్పుకొచ్చింది. మిల్లు సంగతి తెలిసింది ముగ్గురికి. ఒకటి తాను. రెండు నేను, నేను చచ్చిపోయాను. మిగిలింది ఆమె తోడబుట్టిన తమ్ముడు. వాడే డబ్బుకు ఆశపడి పోలీసులకు చెప్పాడని ఆమె లెక్క తేల్చుకుంది. అతను ఎన్నోసార్లు వచ్చాడట, వాకిట్లో నిలబడి బిడ్డ మీద ఒట్టేశాడట. ఆమె తలుపు తీయలేదు. తల్లి పోతే కూడా తల్లిగారి గడప తొక్కలేదు. కూతురి పెళ్ళిలో మేనమామ లేడు, గంప ఎవరో మోశారు. ఊరు కూడా అతన్ని ఆ కళ్ళతోనే చూసిందట. గల్ఫ్ పోయి, అక్కడ కిడ్నీలు పాడై తిరిగొచ్చి, ఇప్పుడు కరీంనగర్ దవాఖానలో రక్తం శుద్ధి చేయించుకుంటున్నాడు. ఒక్కసారి రమ్మని కబురు పెడితే పోలేదట.

"నువ్వే చెప్పు తమ్మీ. వాడు గాకపోతె ఇంకెవలు చెప్పిండ్రు?"

నోటి దాకా వచ్చింది. దేవుడి సాక్షిగా వచ్చింది. చుట్టూ పెళ్ళిజనం, నా వియ్యంకుడు అక్కడే ఉన్నాడు, నా కొడుకు ఫొటోలు తీస్తున్నాడు. నేనన్నది మీకు చెప్పడానికి సిగ్గేస్తోంది.

"ఏమో అక్కా" అన్నాను.

మొదటిసారి కుర్రతనం అనుకోండి, ఉద్యోగం అనుకోండి, పైవాళ్ళ మెప్పు అనుకోండి. ఈసారి ఏమనుకోవాలి? నా మీద ఏ సారూ లేడు. ఒక్క మాట అంటే ఒక మనిషి మీది మచ్చ పోతుంది, చావబోయే తమ్ముడి దగ్గరికి అక్క వెళ్తుంది. ఆ మాట నా దగ్గర ఉంది. అనలేదు. ఇంటికొచ్చి నెలల తరబడి రేపు వెళ్తా, ఎల్లుండి వెళ్తా అనుకున్నాను. మోకాళ్ళ నొప్పులు అనుకున్నాను, ఎండలు అనుకున్నాను, వానలు అనుకున్నాను.

వానలు తగ్గాక వెళ్ళాను. చెన్నూరులో కూతురి దగ్గర ఉంటోంది. అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. తల ఎత్తకుండా విన్నది. చేతులు మాత్రం ఆగిపోయాయి. అయిపోయాక మిరపకాయల చేట పక్కకు జరిపింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని ఆశపడ్డానేమో కూడా.

"వాడు పోయిండు. బతుకమ్మ పండుగ ముందల" అంది. "నేను పోలే."

నేను అక్కా అన్నాను.

"అక్కా అనకు. నడువు. మా ఊల్లె చెప్పు."

బస్సులో ఆమె ముందు కూర్చుంది, నేను వెనక. ఆమె తల్లిగారి ఊళ్ళో దిగి తమ్ముడి ఇంటి ముందర ఆగింది, గడప దాటలేదు. తమ్ముడి భార్య బయటికొచ్చి ఆడబిడ్డను చూసి రాయిలా నిలబడిపోయింది. పక్క ఇళ్ళ వాళ్ళు గోడల మీదుగా చూస్తున్నారు. చెప్పు అంది ఆమె నాతో. చెప్పాను. నేను పోలీసునని, ఈ ఊరి పేరు వాడుకున్నానని, ఈ ఇంటాయన ఎవరికీ ఏదీ చెప్పలేదని, చెప్పించుకున్నదీ చంపించిందీ నేనని. మధ్యలో ఆగాను, మళ్ళీ మొదలుపెట్టాను.

ఎవరూ కొట్టలేదు. ఎవరూ క్షమించలేదు. ఆమె అక్కడే వాకిట్లో కూలబడి, లేని తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. తమ్ముడి భార్య మాత్రం ఏడవలేదు. నన్నే చూస్తోంది.

"ఆగు. మా పిల్లలు పొలం కాడున్నరు" అంది. "పొద్దూకినా సరే, వాల్లు వచ్చేదాక ఈడనే ఉండు. మా బాపు చెప్పలేదని వాల్లు నీ నోటితోనే ఇనాలె."

నిలబడ్డాను. ఇద్దరు కొడుకులు బురద కాళ్ళతో వచ్చారు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి ఎక్కడా ఆగలేదు.